సాయిలు కాక మైకులో చెప్పిన గోల్

చేవెళ్లలో మైకుసెట్ సాయిలు అంటే తెలియనివాళ్లు తక్కువ. మా నాన్నకు ఆయన వరసకు తమ్ముడు, నాకు కాక. బస్టాండు వెనక సందులో విత్తనాల దుకాణం పక్కన ఆయనకు ఒక రేకుల గది ఉంది. అందులో రెండు పెద్ద సౌండు బాక్సులు, యాంప్లిఫయర్లు, చుట్టలు చుట్టిన వైర్లు, మూలన పాతకాలం బాకా ఒకటి ఉంటాయి. ముప్ఫై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల పెళ్లయినా, బోనాలైనా, గణేశ్ నిమజ్జనమైనా, కబడ్డీ పోటీలైనా మైకూ ఆయనదే, గొంతూ ఆయనదే.

ఆయన చదివింది ఐదో తరగతి. కలిపి రాసిన అక్షరాలు చదవలేడు. అందుకని చిన్నప్పటి నుంచీ ఆయనకు చీటీలు రాసిపెట్టడం నా పని. ఒక్కో చీటీకి ఒక్కో పేరు, పెద్ద అక్షరాలతో. ఎం.ఏ. తెలుగులో చేరాక కూడా సెలవులకు ఇంటికొస్తే ఆ పని నాకే ఉండేది. నలుగురి మధ్య కూర్చోవడం నాకు చేతకాదు. కానీ ఆయన పక్కన కూర్చుంటే ఎవరూ నన్ను పట్టించుకోరు. అందరి చెవులూ ఆయన మీదే ఉంటాయి.

చీటీలో పేరు పక్కన తండ్రి పేరు తప్పకుండా ఉండాలి. మైకులో ఆయన ఎవరినీ ఒట్టి పేరుతో పిలవడు. తండ్రి పోయినవాళ్లయితే "కీర్తిశేషులు" అని కాస్త ఆగి, ఆ పేరును మెల్లగా, నిండుగా పలుకుతాడు. పోయిన ఏడాది షాబాద్‌లో ఒక పెళ్లిలో పెళ్లికొడుకు తాత పేరు అలా పలికితే, ఒక ముసలావిడ లేచి వచ్చి సౌండు బాక్సు మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. మైకులో అన్న మాటను ఆయన వెనక్కి తీసుకోడు. ఒకరి పేరు బదులు ఇంకొకరి పేరు చదివితే, ఆ రెండో మనిషిని కూడా స్టేజీ మీదికి పిలిపించి శాలువా కప్పిస్తాడే తప్ప తప్పయిందని అనడు. నేను అడిగితే ఒకసారి చెప్పాడు.

"మైకుల ఒక్కసారి తప్పయిందంటే ఇగ మనం ఏం చెప్పినా నమ్మరు బిడ్డా. రేపు పిల్ల తప్పిపోయిందని చెప్పినా నవ్వుతరు."

ఫుట్‌బాల్ మా వైపు వచ్చింది ఈ ఐదారేళ్లలోనే. మొయినాబాద్ దగ్గర ఫామ్‌హౌస్‌ల పక్కన పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచిన టర్ఫ్‌లు వెలిశాయి. నగరం నుంచి కార్లలో వచ్చినవాళ్లు అక్కడ గంటకింత అని కిరాయి కట్టి ఆడుకుంటారు. వలలు కట్టడానికీ, ఊడవడానికీ పనికి కుదిరిన మన కుర్రాళ్లు వాళ్లను చూసి ఆట నేర్చుకున్నారు. ఊరికో జట్టు తయారైంది. జట్టు వెంట జనం తయారయ్యారు. ఫోన్లలో విదేశీ మ్యాచులు చూసి ముఖాలకు రంగులు పూసుకోవడం, రంగు పొగ డబ్బాలు వెలిగించడం, అవతలి జట్టువాళ్లను పేరుపేరునా తిడుతూ పాట కట్టడం నేర్చుకున్నారు. మన డప్పులూ, లడీ పటాకులూ వాటికి తోడయ్యాయి. పోయిన డిసెంబరులో జరిగిన టోర్నమెంటు సెమీఫైనల్లో అరవై కుర్చీలు విరిగాయి. ఒకతని తలకు ఏడు కుట్లు పడ్డాయి.

అదే టోర్నమెంటు ఫైనల్ రోజు పొద్దున కాక భార్య సంగమ్మ వాకిట్లో నిలబడి ఆయనను ఆపబోయింది.

"గా బంతాటకు పోకు. కబడ్డీల కొట్టుకుంటే ఆడెటోళ్లు కొట్టుకుంటరు. దీంట్ల చూసెటోళ్లు కొట్టుకుంటున్నరు."

"ఒప్పుకున్న సంగమ్మా. మాట ఇచ్చి పోకుంటే ఎట్ల?"

"మాట నువ్వు ఇచ్చినవ్. దెబ్బలు బాక్సులకు పడ్తయ్" అందామె. అని నా వైపు తిరిగి, "నువ్వన్న చెప్పు" అంది. నేను చీటీలు సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు, చేవెళ్ల నుంచి మొయినాబాద్ పోయే దారిలో ఒక ప్రభుత్వ హైస్కూలు మైదానంలో. ఆడిన రెండు ఊళ్ల పేర్లు నేను రాయను. కాక ఇంకా ఆ రెండు ఊళ్ల మధ్యే బతకాలి. ఆకుపచ్చ చొక్కాల జట్టు, పసుపు చొక్కాల జట్టు అనుకుంటే చాలు. టోర్నమెంటు పెట్టించింది రాఘవేందర్ అనే ఆయన. మొయినాబాద్‌లో హార్డ్‌వేర్ దుకాణం వాళ్లది. మనిషి మంచివాడే, కానీ గట్టిగా మాట్లాడలేడు. అందుకే ప్రతి మాటా కాక చేత మైకులో చెప్పించేవాడు.

రిఫరీగా వచ్చింది సింధుజ. ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. ఇరవై ఆరేళ్లుంటాయి. సన్నగా, పొట్టిగా, జుట్టు బిగించి కట్టుకుని ఉంది. ఆమె మైదానంలోకి నడిచేటప్పుడు తాడు అవతల నుంచి ఒకతను అరిచాడు.

"మేడం, గా విజిల్ ఊదొస్తదా, మా పిల్లగాన్ని తోలాల్నా?"

"ఊదొస్తది అన్నా. నువ్వు ఇంటికాడ చెప్పొచ్చినవా, ఆట అయిపోయెదాంక ఉంటనని?" అంది ఆమె ఆగకుండా.

పక్కనున్నవాళ్లు నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. నేను అతని ముఖం చూశాను. సగం ముఖానికి పసుపు రంగు ఉంది, కళ్లు మాత్రం ఆమె వెంటే పోతున్నాయి.

రెండు వేలమంది పైనే ఉంటారు. తాడు ఒక్కటే అడ్డం. ఇద్దరు హోంగార్డులు గేటు దగ్గర చాయ్ తాగుతున్నారు. మా బల్ల గోలుపోస్టుకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. బల్లకు అటొకటి ఇటొకటి కాక బాక్సులు.

ఆట అయిపోవడానికి పది నిమిషాలున్నాయనగా రెండు జట్లూ చెరొక గోల్ మీద ఉన్నాయి. కాక చేతిలోని చీటీల్లో అన్నిటికంటే పైన ఒక చీటీ ఉంది. 'జగదీశ్, తండ్రి కీ.శే. నాగేందర్' అని నేనే రాశాను. నాగేందర్ కాకకు స్నేహితుడు. ఆయన ట్రాక్టరు మీదే ఇరవై ఏళ్లు ఈ బాక్సులు ఊరూరా తిరిగాయి. వానాకాలంలో గుండెపోటుతో పోయాడు. ఆయన కొడుకు జగదీశ్ పసుపు జట్టులో ఆడుతున్నాడు. టోర్నమెంటు మొత్తంలో ఒక్క గోల్ కొట్టలేదు. కాక ఆ చీటీని ప్రతి మ్యాచ్‌లోనూ పైన పెట్టుకునేవాడు. ఆట అయ్యాక మళ్లీ నా చేతికిచ్చేవాడు.

మూల నుంచి బంతి పైకి లేచింది. గుంపు మధ్య జగదీశ్ ఎగిరాడు. బంతి అతని మోచేతి కింద తగిలి కాళ్ల ముందు పడింది. విజిల్ మోగింది. గోలుకీపరు చేతులు దించేశాడు. జగదీశ్ తన్నాడు. బంతి వలలో పడింది.

"గోల్" అన్నాడు కాక. "గోల్ కొట్టినవారు జగదీశ్, తండ్రి... కీర్తిశేషులు... నాగేందర్."

కబడ్డీలో చెయ్యి తగిలీ తగలకముందే పాయింటు చెప్పాలి, లేకపోతే మైకు పట్టినవాడు పనికిరాడంటారు. ఆయన నాలుకకు ఆ అలవాటు. విజిల్ చిన్నది, బాక్సులు పెద్దవి. నేను విజిల్ విన్నాను. ఆయన చెవి నా చెవికి మూరెడు దూరంలో ఉంది.

డప్పులవాళ్లకు ఆయన మాటే సైగ. దరువు మొదలైంది. లడీలు పేలాయి. పసుపు పొగ లేచింది. తాడు తెగిపోయి వందలమంది మైదానంలోకి ఉరికారు. జగదీశ్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆ పొగలో సింధుజ ఒక్కతే నిలబడి చేతులు అడ్డంగా ఊపుతోంది. ఆమె ఏం చెబుతోందో జనానికి అర్థం కావడానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత డప్పు ఒకటొకటిగా ఆగిపోయింది. ఆ ఆగిపోవడానికి నాకు పటాకుల కంటే ఎక్కువ భయం వేసింది.

"గోల్ కాదంటున్నది రా."

"ఎవరు?"

"గా మేడం."

రాఘవేందర్ పరుగెత్తుకొచ్చాడు. "సాయిలన్నా, మైకుల చెప్పు. చెయ్యి తగిలింది, గోల్ కాదని చెప్పు."

కాక మైకు నోటిదాకా తీసుకొచ్చాడు. చీటీ వైపు చూశాడు. "జర ఆగు" అన్నాడు. అంతే అన్నాడు. ఆయన అలా ఆగడం నేను ఎన్నడూ చూడలేదు. ఒక నిమిషం గడిచిందేమో. ఆ నిమిషంలో ఆకుపచ్చవాళ్ల వైపు నుంచి ఒక కుర్చీ గాలిలోకి లేచింది. పసుపువాళ్ల వైపు నుంచి రాయి లేచింది. రాయి సింధుజ మోకాలికి తగిలి ఆమె కూలబడింది.

రాఘవేందర్ ఆమె రెక్క పట్టి లాక్కొచ్చాడు. దగ్గరలో తలుపు తెరిచి ఉన్నది మధ్యాహ్న భోజనం సామాను గది ఒక్కటే. ఆమెను లోపలికి తోసి, బల్ల దగ్గర నుంచి వాళ్ల వెనకే పరుగెత్తిన నన్నూ తోశాడు. "లోపలికెళ్లి గొళ్లెం పెట్టుకోండ్రి. నేను పోలీసులకు ఫోన్ చేస్తున్న."

గదిలో బియ్యం బస్తాలు, బోర్లించిన పెద్ద గిన్నెలు. ఒక కిటికీ, దానికి ఊచలు, సగం రెక్క లేదు. లేనిచోట అట్ట కట్టి ఉంది. మేమిద్దరం బస్తాల వెనక కూర్చున్నాం. ఆమె మోకాలి నుంచి రక్తం మేజోడులోకి కారుతోంది. ఆమె దాన్ని చూడడం లేదు.

"మీరు మైకు దగ్గర కూసున్నరు కదా" అంది గుసగుసగా. "నా విజిల్ వినపడ్డదా?"

"వినపడ్డది."

"గోల్ కంటే ముందేనా?"

"ముందే."

"మరి ఆయనకు?"

నేను బోర్లించిన గిన్నెల వైపు చూశాను.

"మీ పక్కనే ఉన్నడు కదా ఆయన."

"ఆయన మా కాక" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసి తల తిప్పుకుంది. అప్పుడే తలుపు మీద మొదటి దెబ్బ పడింది.

"మేడం, బయటికి రా. గోల్ ఇచ్చి పో."

"రా మేడం, చాయ్ తాపిస్తం."

నవ్వులు వినిపించాయి. తలుపు తన్నేవాళ్ల కంటే నవ్వేవాళ్లంటే నాకు ఎక్కువ భయం వేసింది. తన్నేవాళ్లు అలిసిపోతారు. నవ్వేవాళ్లకు అలుపు రాదు. గొళ్లెం సన్నటి ఇనుప పట్టీ. ప్రతి దెబ్బకూ దాని మేకులు చెక్కలోంచి కొంచెం బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోతున్నాయి. మేమిద్దరం ఒక బియ్యం బస్తాను జరిపి తలుపుకు అడ్డం పెట్టబోయాం. అది కదల్లేదు. గిన్నె ఒకటి దొర్లి పెద్ద చప్పుడైంది. బయట ఈలలు వేశారు.

అప్పుడు కాక గొంతు బాక్సుల్లోంచి వచ్చింది. ఆయన ఎక్కడ కొట్లాట జరిగినా చేసే పని మొదలుపెట్టాడు. గుంపులో తనకు తెలిసిన ముఖాలను వెతికి, పేరు పెట్టి, తండ్రి పేరు పెట్టి పిలవడం. "రామచంద్రయ్య కొడుకు సాయిదీప్, బిడ్డా, నువ్వు చదువుకున్నోనివి, జర వెనక్కి రా. వెంకటయ్య కొడుకు దేవదాస్, మీ బాపు నిన్ను వెతుకుతున్నడు." తండ్రి పేరు మైకులో వినిపిస్తే ఎంత తాగినవాడైనా సిగ్గుపడి తగ్గుతాడని ఆయన నమ్మకం. పెళ్లిళ్లలో అలా తగ్గినవాళ్లను నేను చూశాను. ఇక్కడా కొన్ని అడుగులు తలుపు నుంచి దూరమయ్యాయి.

కానీ ఆయనకు తెలియని ముఖాలే ఎక్కువ. రంగు పూసుకున్నవి, మూతికి దస్తీ రుమాలు కట్టుకున్నవి. తలుపు దగ్గర ఒక గొంతు పైకి లేచింది.

"పేర్లు పిలుస్తవేంది ముసలోడా. గోల్ అని నువ్వే అన్నవ్ కదా. నువ్వు అన్నంక ఇది కాదంటానికి ఎవరు?"

"అవ్, సాయిలన్న అన్నడు. అన్నదే అన్నట్టు."

రాయి వచ్చి కిటికీ అట్టను చింపుకుని లోపల పడింది. తర్వాత ఎవరో, చాలా మామూలుగా, ఉప్పు అడిగినట్టు అన్నారు. "నీ బండిల పెట్రోల్ ఉన్నదా రా?"

అది వేళాకోళమో నిజమో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. సింధుజ నా మణికట్టు పట్టుకుంది.

"ఆయన చెప్పాలె" అంది. "ఇగ ఎవరు చెప్పినా వినరు. ఆయనకు చెప్పుండ్రి."

నేను ఫోను తీసి కాకకు చేశాను. ఆయన ఫోను మోగడం బాక్సుల్లోంచి మైదానమంతా వినిపించింది. ఆయన ఎత్తాడు.

"కాకా, విజిల్ నేను విన్న" అన్నాను. "నువ్వు కూడ విన్నవ్."

ఫోనులో బయటి అరుపులే వినిపించాయి.

"పెట్రోల్ అంటున్నరు కాకా."

ఫోను పెట్టేశాడు.

తర్వాత మైకు మీద వేలితో తట్టిన చప్పుడు రెండుసార్లు వచ్చింది.

"వినుండ్రి. నేను సాయిలును మాట్లాడుతున్న. ముందు విజిల్ మోగింది. అటెంక గోల్ పడ్డది. విజిల్ నాకు వినపడ్డది. విన్నంక గూడ నేను గోల్ అన్న. మేడం తప్పేం లేదు. తప్పు నాది."

బయట ఒక్కసారిగా సద్దుమణిగింది.

"నాగేందర్ పేరు పిల్వాలెనని నాకు ఆత్రం ఉండె. ఎన్ని మ్యాచులు ఎదురుచూసిన. చెయ్యి తగిలింది, నేను చూసిన. జగదీశ్, బిడ్డా, నీ బాపు పేరును నేను తప్పు జాగల పిలిచిన. దాన్ని ఎనక్కి తీసుకుంటున్న. మీరు అడిగేదుంటే నన్ను అడుగుండ్రి. గా తలుపు కాడ..."

మైకు కీచుమని ఆగిపోయింది. ఏదో బరువైనది కింద పడిన చప్పుడు, తర్వాత అలాంటిదే ఇంకొకటి.

మా తలుపు మీద దెబ్బలు ఆగిపోయాయి. పరుగెత్తే కాళ్ల చప్పుడు వినిపించింది, మా నుంచి దూరంగా, బల్ల వైపు. నాకు అప్పుడు కలిగింది ఊరట. ఆ కాళ్లు ఎవరి మీదికి పోతున్నాయో తెలిసీ ఊరటే కలిగింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

అరుపులు, కర్రల చప్పుళ్లు, ఎవరిదో "వద్దురా, పెద్దమనిషి, వద్దు" అనే గొంతు. అది రాఘవేందర్‌ది అనుకుంటాను. సింధుజ కిటికీ దగ్గరికి పోబోతే నేను ఆమె చొక్కా పట్టి లాగాను. ఆమె బస్తా మీద తల ఆనించి కూర్చుంది.

చాలాసేపటికి తలుపు మీద వేలితో కొట్టిన చప్పుడు వచ్చింది.

"బిడ్డా."

నేను కదల్లేదు. ఆ గొంతు బొంగురుగా, సన్నగా ఉంది. ఎవరో ముసలాయనది.

"బిడ్డా, నేను. సాయిలు కాకను."

సింధుజ తల అడ్డంగా ఊపింది. ఆయన మెడ మీద ఎవరైనా చెయ్యి వేసి పలికిస్తున్నారేమో అని ఆమెకు అనిపించిందట. నాకు అదీ తోచలేదు. పుట్టినప్పటి నుంచి విన్న గొంతును నేను గుర్తుపట్టలేకపోయాను, అంతే.

"తియ్యకు" అన్నాడాయన. "అదే చెప్తానికొచ్చిన. నేను తియ్యమన్నా తియ్యకు. పోలీసులొచ్చి మేడం పేరు పెట్టి పిలిస్తేనే తియ్యి."

తర్వాత ఏదో తలుపుకు ఆనుకుని కిందికి జారింది. తలుపు కింది సందులో వెలుతురు పోయింది. ఆయన తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

కొందరు మళ్లీ వచ్చారు.

"లే ముసలోడా."

"లేవను. కాళ్లు వస్తలేవు."

"ఈడ్చి పారేస్తం."

"ఈడ్వుండ్రి. ఈ తలుపైతే ఇడువ."

తలుపు రెండుసార్లు లోపలికి ఊగింది. రెండుసార్లూ ఆయన మూలుగు విన్నాను. నా చెయ్యి గొళ్లెం మీదికి పోయింది. తీయడానికి కాదు. అది ఊడిపోకుండా పట్టుకోవడానికి. మనిషి బయట ఉంటే నేను లోపల నుంచి గొళ్లెం నొక్కి పట్టుకుని నిలబడ్డాను. సింధుజ కూడా వచ్చి నా చేతి మీద చెయ్యి వేసి నొక్కింది.

జీపు వచ్చేసరికి ఐదున్నర అయింది. "సింధుజ మేడం" అని ఒక కానిస్టేబులు రెండుసార్లు పిలిచాక తలుపు తీశాం. తీయగానే కాక వెనక్కి, మా కాళ్ల మీదికి ఒరిగాడు. కుడి చెవి చిరిగి, మెడ మీద నెత్తురు ఎండిపోయి ఉంది. ఎడమ చెయ్యి తనది కానట్టు వేలాడుతోంది. మైదానంలో కుర్చీల ముక్కలు, చెప్పులు, పొగ డబ్బాలు. బాక్సులు రెండూ బోర్లా పడి ఉన్నాయి. జగదీశ్ గోలుపోస్టు పక్కన పసుపు చొక్కా తీసి చేతికి చుట్టుకుని నిలబడ్డాడు. మా వైపు రాలేదు.

కాకను స్కూలు మెట్ల మీద కూర్చోబెట్టి ఎస్సై రాసుకోవడం మొదలుపెట్టాడు.

"ఎవరెవరు కొట్టిన్రు?"

"దుమ్ముల ఎవరూ కనపడలే సార్" అన్నాడు కాక.

"తలుపు తన్నినోళ్లు?"

"ముఖాలకు రంగులున్నయ్ సార్."

ఎస్సై కాగితం మడవబోయాడు. సింధుజ పక్క మెట్టు మీద మోకాలికి గుడ్డ కట్టుకుంటోంది. ఆమె తల ఎత్తలేదు.

"వచ్చే ఆదివారం నాకు ఇంకో మ్యాచ్ ఉన్నది కాకా" అంది. ఆయనను ఆమె అలా పిలవడం అదే మొదటిసారి. "గీ ఊళ్లే ఆడుతయ్. గీ మనుషులే వస్తరు. మీకు దుమ్ముల కనపడకపోతే, అప్పుడు నాకు మాత్రం ఎట్ల కనపడ్తరు?"

గేటు దగ్గర ఇంకా నలభై యాభైమంది ఉన్నారు. ముఖాల మీద రంగు చెమటకు కారిపోయి, మామూలు ముఖాలు బయటపడుతున్నాయి. వాళ్లలో సగం మంది ఇళ్లలో పెళ్లిళ్లకు ఆయనే మైకు కట్టాడు. ఆయన అటు చూశాడు. వాళ్లూ ఆయననే చూస్తున్నారు. ఎవరూ తిట్టడం లేదు, ఎవరూ కదలడం లేదు. దానికంటే రాళ్లు వేయడమే నయమనిపించింది నాకు.

"కొన్ని నీళ్లు ఇయ్యి బిడ్డా" అన్నాడు. సీసా మూత తీసి ఇచ్చాను. రెండు గుక్కలు తాగాడు. మిగిలినవి చొక్కా మీద ఒలికాయి.

"రాసుకోండ్రి సార్" అన్నాడు.

కొట్టినవాళ్లలో మొదటి పేరు చెప్పాడు. ఎస్సై రాసుకున్నాడు. రెండో పేరు చెప్పాడు. గేటు దగ్గర నుంచి ఒకతను మెల్లగా వెనక్కి తిరిగి బండి స్టార్టు చేశాడు. మూడో పేరు చెప్పేటప్పుడు నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. నాలుగో పేరు చెబుతున్నాడు.